ఓటమి అంటే కోత

మా తెలుగు అయ్యవారు పోయారు. పోయిన బుధవారం పొద్దున, ధర్మవరంలో మా వార్డులో నేను సిరంజీలు ఉడకబెడుతుంటే పెనుకొండ బస్సు కండక్టరు తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతనూ అయ్యవారి దగ్గర చదువుకున్నవాడే. లోపలికి రాకుండా అక్కడి నుంచే, "అక్కా, అయ్యవారు తెల్లారుజామున పోయినారంట. నీకు చెప్పమని వాళ్ల కోడలు మొదటి బస్సుకే చెప్పి పంపింది" అన్నాడు. సరే అన్నాను. స్టవ్ ఆర్పి, పక్క గదిలోకి పోయి ఏడ్చాను. నర్సులు వార్డులో ఏడవకూడదని ట్రైనింగులో చెప్పారు గానీ, ఆ పాఠంలో నాకు ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే భయంగా ఉంది. నా వ్యాసాలు చూసి ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటే: "విశేషణాలు తగ్గించు పాపా." అందుకని మహానుభావుడు, ప్రాతఃస్మరణీయుడు వంటివి ఇక్కడ ఉండవు. పెనుకొండలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. పోయిన ఏడాది వరకు ఆసుపత్రి గడప తొక్కలేదు, ఇంగ్లీషులో సంతకం కూడా రాదు. నేను నర్సునయ్యానంటే మాత్రం ఆయన వల్లనే. ఈ మాట విని నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరూ నవ్వండి, తర్వాత చదవండి.

బడిలో ఆయన ఎవరినీ కొట్టేవారు కాదు. జవాబు తప్పితే గది బయటికి పంపేవారు. "పో, గడప దాటు. బయట గాలి పీల్చుకోని మళ్ల రా. వచ్చి చెప్పు." అంతే శిక్ష. దాటి వచ్చేసరికి సగంమందికి జవాబు గుర్తుకొచ్చేది. మిగతా సగం అటునుంచి అటే ఇంటికి పోయేవాళ్లు. పాఠం చెప్పేటప్పుడు నిఖార్సైన గ్రాంథికం మాట్లాడేవారు. పుస్తకం మూయగానే "ఏమబ్బా, సంగటి తిన్యావా" అని మా భాషలోకి దిగేవారు. విభక్తులు చెప్పేటప్పుడు మాత్రం రెండూ కలిసిపోయేవి. "మాట మొదలు పేరు చెప్తాది, ఆఖరు పని చెప్తాది" అని ఆయన అన్నది నా చెవిలో ఇప్పటికీ ఉంది. అప్పట్లో నాకు అది పట్టలేదు. డు ము వు లు అని గొంతెత్తి చదివేదాన్ని, అర్థం అక్కర్లేదనుకునేదాన్ని.

మాది రొద్దం దగ్గర పల్లె. బడి చదువంతా పెనుకొండలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదివాను. పన్నెండేళ్ల కిందట హిందూపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు చేరితే మా బంధువులు మూతులు ముడుచుకున్నారు. సేద్యగాళ్ల ఇంటి పిల్ల ఊళ్లోవాళ్ల పుండ్లు కడుగుతుందా అన్నారు. నాయన ఒక్కడే, "పాప పోతానంటాది, పోనీండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని దెప్పుళ్లు పడ్డాడో నాకు తెలుసు. అందుకే ఫెయిలై ఇంటికి పోవడమనేది నా లెక్కలో లేదు.

చదువంతా ఇంగ్లీషు. మాటలు చూస్తే గూడ్సు బండి పెట్టెల మాదిరిగా ఒకదాని వెనక ఒకటి తగిలించి ఉండేవి. నేను భయపడలేదు. శతకాలు బట్టీ పట్టినదాన్ని, ఇవెంత అనుకున్నాను. రెండు నోటుబుక్కుల నిండా మాటలు రాసుకుని మొదటి నుంచి చివరి వరకు అప్పజెప్పేదాన్ని. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

అలా ఉండగా మడకశిర వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. అన్నం దిగే దారి గొంతు కింద మూసుకుపోయి, మంచినీళ్లు కూడా పోవడం లేదు. మనిషి ఎండి కట్టెలా ఉన్నాడు. డాక్టరుగారు చూసి, గ్యాస్ట్రోస్టమీ చేద్దామన్నారు. కడుపుకు చిన్న కన్నం పెట్టి, గొట్టంతో గంజి పోయడానికి చేసే ఆపరేషను అది. నా బట్టీలో దాని పక్కనే, కడుపునే కోసి తీసేసే గ్యాస్ట్రెక్టమీ ఉంది. రెండూ నాకు ఒకటే పద్యంలో రెండు పాదాలు. రైతు భార్య నా చెయ్యి పట్టుకుని ఏం చేస్తారమ్మా అని అడిగితే, పెద్ద తెలిసినదానిలాగా, "కడుపు కోసి తీసేస్తారు" అని చెప్పాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "కడుపు తీసేస్తే ఆయప్ప అన్నం యాడ పెట్టుకుంటాడమ్మా?" అంది.

నేను ట్రే పట్టుకుని పక్క మంచం దగ్గరకు జరిగాను. గంట తర్వాత చూస్తే మంచం ఖాళీగా ఉంది. ఆమె, ఆమె తమ్ముడు కలిసి రోగిని దుప్పట్లో ఎత్తుకుని వెళ్లిపోయారు. మేట్రనమ్మ, నేను బస్సుల దగ్గరకు పరుగెత్తాం. మడకశిర బస్సు బయలుదేరబోతూ ఉంది. డ్రైవరును ఆపి, ఆ తల్లి కాళ్లు పట్టుకున్నంత పని చేసి, వెనక్కి తీసుకొచ్చాం. ఆపరేషను అయ్యింది, మనిషి బతికాడు. కానీ మేట్రనమ్మ ఆ సాయంత్రం నాతో అన్నది నేను మరిచిపోలేను. "బస్సు ఇంకో నిమిషం ముందు పోయి ఉంటే ఆయన ప్రాణం నీ నోటి వల్ల పోయేది."

ఆ భయంలోనే పరీక్ష రాశాను, తప్పాను. ప్రశ్నలన్నీ మాటల అర్థాలే. వరుస మార్చి అడిగారు, నా పద్యం తెగిపోయింది. మళ్లీ రాయడానికి ఒక్క అవకాశం ఇస్తామనీ, అదీ తప్పితే పెట్టె సర్దుకోవచ్చనీ చెప్పి, చదువుకోవడానికి నెల రోజులు సెలవిచ్చారు. మా ఊరికి పోయే ముఖం లేక పెనుకొండలో చిన్నమ్మ ఇంటికి చేరాను. అయ్యవారిది పక్కిల్లు.

మరుసటి రోజు తిన్నె మీద కూర్చుని గొణుక్కుంటున్నాను. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి తులసి కుండీలో పోస్తూ ఆగారు.

"ఏమ్మా పాపా, ఏం జపం చేస్తాండావు?"

"జపం కాదు అయ్యవారూ, రోగాలు."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. అడిగింది ఒక మాటయితే నేను అన్నీ కక్కేశాను: రైతు సంగతి, బస్సు సంగతి, పరీక్ష సంగతి. ఆయన ఓదార్చలేదు. "ఆ కడుపు మాటలు ఇంకోసారి చెప్పు" అన్నారు.

"గ్యాస్ట్రోటమీ, గ్యాస్ట్రెక్టమీ, గ్యాస్ట్రోస్టమీ."

"మూడింటిలోనూ ముందర ఉండేది ఏంది?"

"గ్యాస్ట్ర. అంటే కడుపు."

ఆయన కళ్లు మూసుకుని తనలో తాను ఆ మూడూ అనుకున్నారు. తర్వాత నవ్వారు. "కడుపు ఒకటే. రాముడు ఒకడే. రామునికి, రామునితో, రామునివలన. తోక మారె, పని మారె. ఇది మన విభక్తే కదా పాపా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇది ఇంగ్లీషు అయ్యవారూ. మీకు ఇంగ్లీషు రాదు" అనేశాను. లోపల్నుంచి చిన్నమ్మ "ఏమే, నోరు" అని గదమాయించింది.

ఆయన నొచ్చుకోలేదు. "నాకు ఇంగ్లీషు రాదు. నీకు తోకలు రావు. ఇద్దరమూ ఫెయిలే. కూర్చో" అన్నారు.

ఆ నెల రోజులు మా పాఠం ఆ తిన్నె మీదే జరిగింది. తిన్నె బండ మీద బారాకట్ట గళ్లు చెక్కి ఉండేవి. ఆయన పాత క్యాలెండరు కాగితాలు చింపి, ఒక్కో ముక్క మీద ఒక్కో మాట నా చేత తెలుగు అక్షరాలతో రాయించారు. అర్థం చూడొద్దు, ముందు చెవితో విను, ఆఖరు ఒకే రకంగా పలికేవన్నీ ఒకే గడిలో వెయ్యి అన్నారు. టాన్సిలైటిస్, అపెండిసైటిస్ ఒక గడి. న్యూరాల్జియా, మయాల్జియా ఇంకో గడి. అలా గడులన్నీ నిండాక, "ఇప్పుడు ఒక్కో గడిలో అర్థాలు చదువు. అన్నిట్లోనూ ఉండే మాట ఏందో పట్టుకో" అన్నారు.

నేను చదివాను. ఐటిస్ గడిలో అన్నీ వాపులే, మంటలే. ఆల్జియా గడిలో అన్నీ నొప్పులే. ఓమా గడిలో గడ్డలు. రెండేళ్లుగా మోస్తున్న మూటలో ఇన్ని బరువులు లేవు, పదో పన్నెండో తోకలు మాత్రమే ఉన్నాయి. ఈమియా అనేది నెత్తురు సంగతి చెబుతుందని తేలగానే ఆయన దాన్ని పిలుపుగా మార్చేశారు. "ఏమయ్యా, నెత్తురు ఎట్లుండాది?" అని అడిగితే ఎనీమియా జవాబు. యూరియా మూత్రం సంగతి. తర్వాత కొన్నేళ్లకు ఆ పేరుతో ఎరువు మూటలు ఊళ్లోకి వచ్చినప్పుడు, 'మన తోక పొలాల్లో కూడా తిరుగుతాండాది' అని ఆయన నాకు కార్డు రాశారు.

సాయంత్రం బారాకట్ట ఆడుకోవడానికి వచ్చే ఎదురింటి శెట్టిగారికి ఇది గిట్టలేదు. "ఏమప్పా అయ్యవారూ, ఆడుకునే గళ్లల్లో రోగాలు పెడ్తాండావు. మేం యాడ ఆడాల?" అని రోజూ సణిగేవాడు. సణుగుతూనే వినేవాడు. నాలుగో రోజుకు తన మోకాలు పట్టుకుని, "దీనికి ఆల్జియా కాదు, ఐటిస్సే. చూడు, వాచిండాది" అన్నాడు. అయ్యవారు ఆయనకు పూర్తి మార్కులు వేశారు.

అసలు చిక్కు ఆ మూడు తోకల దగ్గరే. ఓటమీ అనే గడి దగ్గరకు వచ్చినప్పుడల్లా చదవకుండా పక్క గడికి పోయేదాన్ని. పరీక్ష తప్పినదాన్ని, ఆ మాట పలకాలంటేనే ఎవరో వేలెత్తి చూపినట్టుండేది. ఒకరోజు కాగితం ముక్క అక్కడే పెట్టి ఏడుపు మొదలుపెట్టాను. ఆయన ఆ ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇది నువ్వనుకునే ఓటమి కాదు పాపా. ఈడ ఓటమి అంటే కోత. కోస్తారు, లోపల ఏముండాదో చూస్తారు, మళ్ల కుడతారు. మనిషి లేచి ఇంటికి పోతాడు. నీకూ జరిగింది అంతే. కోసినారు, చూసినారు. కుట్టేది మనం కుడ్తాండాం."

ఆ రోజు నుంచి నాకు ఆ మాట అంటే భయం పోయింది. మరుసటి రోజే ఆయన ఓస్టమీని అష్టమిగా మార్చి, మూడింటికీ కలిపి ఒక వరుస కట్టారు: కోసి చూస్తే ఓటమి, కోసి తీస్తే ఎక్టమి, కోసి కన్నం నిలిపితే అష్టమి. శెట్టిగారు వెంటనే అడ్డుపడ్డాడు. "అష్టమి నాడు మంచి పని ఏదీ చేయరు కదప్పా?" "అందుకే కన్నం పెట్టి ఊరకుండిపోయినారు" అని అయ్యవారి జవాబు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత ఆ రైతు ఆపరేషనును ఇంకో ఆపరేషనుతో కలపడం నా వల్ల కాలేదు.

తప్పులు కూడా చేశాం, ఘనమైనవి. డయేరియా, పయోరియా ఒక గడిలో పడ్డాయి. ఒకదాంట్లో విరేచనం కారుతుంది, ఒకదాంట్లో చిగుళ్ల నుంచి చీము కారుతుంది. రియా అంటే కారడం అని తేల్చాం. అంతలో అయ్యవారు ఉత్సాహంగా మలేరియాను తెచ్చి అదే గడిలో వేశారు. "దీంట్లో ఏం కారుతాది అయ్యవారూ?" అంటే, "చెమట. జ్వరం దిగేటప్పుడు ధారగా కారదా?" అన్నారు. నేనూ నమ్మాను. ఆ వారం పుస్తకం కోసం హిందూపురం పోయినప్పుడు డాక్టరుగారికి ఈ సిద్ధాంతం చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. మలేరియా అంటే చెడ్డగాలి అనీ, అది వేరే దేశపు మాట అనీ, దానికీ కారడానికీ చుట్టరికం లేదనీ చెప్పారు.

తిరిగొచ్చి అయ్యవారికి ఎలా చెప్పాలా అని తంటాలు పడ్డాను. చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "మన వ్యాకరణంలో సూత్రానికి లొంగని మాట వస్తే ఏమంటాం?"

"బహుళం అంటాం."

"ఇంకేం మరి. రాయి." నోటుబుక్కు చివరి పేజీ పైన బహుళం అని రాయించారు. మలేరియా దాని కింద చేరింది. కోమా గడ్డల గడిలోంచి లేచి వచ్చి అక్కడ పడింది. తప్పు దొరికిన రోజున ఇంత సంతోషపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పరీక్ష రోజు రాతపని గంట ముందే ముగించాను. భయమంతా నోటి పరీక్షదే. బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. నవ్వు అనేది ఆవిడ దగ్గర లేదు. పది మాటలు అడిగింది, పదీ చెప్పాను. పదకొండోది కావాలనే వేసినట్టుంది: "కోలెసిస్టెక్టమీ."

నా నోటుబుక్కులో ఆ మాట లేదు. ఎప్పుడూ వినలేదు. నాకేమనిపించిందో ఏమో, "మేడమ్, ఒక్కసారి బయటికి పోయి రావచ్చా?" అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి తలూపింది. గడప దాటాను. వరండాలో గాలి పీల్చుకున్నాను. ఆఖరి నుంచి మొదలుపెట్టాను. ఎక్టమీ: కోసి తీయడం. దాని ముందు సిస్ట్. సిస్టైటిస్ నాకు తెలుసు, మూత్రపు సంచి వాపు. కాబట్టి సిస్ట్ అంటే సంచి. అంటే ఏదో సంచిని కోసి తీసేస్తారు. ఏ సంచి? మూత్రపు సంచి అయితే ముందర ఇంకో మాట అక్కర్లేదు. కడుపుకు పేరు వేరే ఉంది, గర్భసంచికి వేరే ఉంది. ఇక లోపల మిగిలిన సంచి ఒక్కటే.

లోపలికి వచ్చి, "పైత్యపు సంచిని కోసి తీసేయడం మేడమ్" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "చదువుకున్నావా ఈ మాట?"

"లేదు మేడమ్. ఇప్పుడే విప్పుకున్నాను."

"ఎవరు నేర్పారు ఇలా విప్పడం?"

"మా తెలుగు అయ్యవారు."

"ఆయన డాక్టరా?"

"కాదు మేడమ్. విభక్తులు చెబుతారు."

అప్పుడు నవ్వింది ఆవిడ. ఆ సంవత్సరం మా బ్యాచిలో ఆ పేపరులో మొదటి మార్కు నాదే. నాయన రొద్దంలో ఎదురైన ప్రతి మనిషికీ ఈ సంగతి చెప్పాడట, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. నేను డిప్లొమా కాగితం తీసుకుని నేరుగా పెనుకొండ పోయాను. అయ్యవారు దాన్ని వెలుగుకు పట్టి, తలకిందులుగా చూసి, సరిగ్గా తిప్పి, "దీని పేరేమి?" అన్నారు. డిప్లొమా అన్నాను. దాన్ని మడిచి నా చేతికిస్తూ, "ఇదీ ఓమానే. అయినా ఈ గడ్డకు మాత్రం ఎవరినీ ఎక్టమి చేయనీకు" అన్నారు.

పోయిన ఏడాది ఆయనకు కుడిపక్క పడిపోయింది. కొడుకు కారు మాట్లాడి ధర్మవరం మా దగ్గరికే తెచ్చాడు. మాట నత్తిగా వస్తోంది గానీ తెలివి చెక్కుచెదరలేదు. డాక్టరు పక్కనున్నవారితో హెమిప్లీజియా అన్నారు. ఆయన ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని లాగారు.

"పాపా. ఆ మాట తోక ఏమి?"

చెప్పే ముందు ఆయన దుప్పటి సర్దాను. వార్డులో ఎంతమందికో చెప్పినదాన్ని. "ప్లీజియా అయ్యవారూ. పడిపోవడం."

"ముందర?"

"హెమి. సగం."

ఆయన పైకప్పు చూస్తూ మాటను కూడుకున్నారు. ముఖంలో ఎడమపక్క మాత్రం నవ్వు వచ్చింది. "అట్లయితే సగమే పడింది. తక్కిన సగం ఉండాది కదా."

ఇంటికి పోయాక ఆ తక్కిన సగంతో ఆయన చేసింది ఏమిటంటే, మనవడి పలక తెప్పించుకుని ఎడమ చేత్తో అ ఆ ల దగ్గర మొదలుపెట్టారు. సెలవు దొరికినప్పుడల్లా నేను పెనుకొండ పోయి చూసేదాన్ని. మొదట్లో అంతా కోడి గెలికినట్టే. ఊరంతటి చేతిరాతా దిద్దిన మనిషి, తన అకారం చూసుకుని తానే నవ్వేవారు. రెండు నెలలకు ఉ ఊ దాటారు. ఋ దగ్గర ఆగిపోయారు. అన్ని మెలికలున్న అక్షరం అది, కుడిచేతికే కష్టం. ఇరవై రోజులు దాంతోనే కుస్తీ పట్టారని కోడలు చెప్పింది. విసుక్కునేవారు కాదట. తుడిచేవారు, మళ్లీ రాసేవారు.

పోయిన నెల నేను వెళ్లేసరికి పలక ఒళ్లో బోర్లించి పెట్టుకుని, నా కోసమే కాచుకుని ఉన్నారు. నేను కూర్చోగానే తిప్పి చూపించారు. పలకంతా ఒక్కటే ఋ. అరచేయంత ఉంది. ఏ మెలికా తప్పలేదు.

"దిద్దు" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బలపం తీసుకుని పక్కన టిక్కు పెట్టి, పదికి పది వేశాను.

"కొమ్ము వంకర పోయిండాది. తొమ్మిది వెయ్యి."

"నేను వేసిన మార్కు మార్చను అయ్యవారూ. పదే."

మూతి బిగించి నా వైపు చూశారు. నేనూ బిగించాను. అంతలో బస్సు వేళయితే లేచి వచ్చేశాను. ఆయనను చూడటం అదే ఆఖరు.

బుధవారం మధ్యాహ్నం నేను పెనుకొండ చేరేసరికి ఆయనను వాళ్ల ఇంటి తిన్నె మీద పడుకోబెట్టి ఉన్నారు. దండం పెట్టుకుని లోపలికి పోతే కోడలు కిటికీలోంచి పలక తీసి నా చేతికిచ్చింది. "తుడవద్దన్నాడు అక్కా, నువ్వు చూడాలంట" అంది. ఋ అలాగే ఉంది. పక్కన నా టిక్కు ఉంది. నేను వేసిన పదిని అడ్డంగా కొట్టేసి, పక్కన తొమ్మిది వేసి ఉంది. ఎడమ చేత్తో వేసిందే అయినా, ఆ తొమ్మిది మాత్రం నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది.